ఏడో నంబరు ఇంజను నమూనా

1986 ఫిబ్రవరి 11, మంగళవారం ఉదయం అయిదు గంటల నలభై నిమిషాలకు బొగ్గుగనుల కంపెనీ రైలు సైడింగులో, వ్యాగన్లు తూచే కాటా దగ్గర లాల్‌సింగ్ చనిపోయాడు. అతను షంటింగు పోర్టరు, ఇంజనుకు వ్యాగన్లు తగిలించి విడదీసేవాడు. ఏడో నంబరు ఇంజను బఫరుకూ, బొగ్గు నింపిన వ్యాగను బఫరుకూ మధ్య పడి ఛాతీ నలిగింది. దవాఖానాకు తీసుకుపోయే జీపు ఆరు గంటలకు వచ్చింది. అప్పటికి అవసరం తీరిపోయింది.

ఆరు గంటల షిఫ్టుకు వచ్చిన ఫిట్టరు సర్వర్ సైకిలు దిగకముందే విషయం తెలుసుకున్నాడు. శవాన్ని గోనెసంచుల మీద పడుకోబెట్టారు. నలుగురు నిలబడి ఉన్నారు. డ్రైవరు మంగీలాల్ పట్టాల పక్కన రాళ్ల మీద కూర్చుని, ఇంజను ఆగిందని, ఆగినాకే లాల్‌సింగ్ లోపలికి దూరాడని, తర్వాత ఇంజను దానంతటది కదిలిందని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్తున్నాడు.

సర్వర్ వంగి ఇంజను కిందికి చూశాడు. బ్రేకు రాడ్డు ఒక కొస ఊడి పట్టాల అడుగు స్లీపరు మీద ఆని ఉంది. దాన్ని పట్టి ఉంచాల్సిన పిన్ను రెండడుగుల అవతల బొగ్గుపొడిలో పడి ఉంది. పిన్ను జారిపోకుండా దాని చివర రంధ్రంలో ఒక స్ప్లిట్ పిన్ను ఉండాలి. ఏడో నంబరుకు డిసెంబరు తొమ్మిది నుంచి అది లేదు. దాని చోట ఇనుప తీగ, బైండింగ్ వైరు, ఉంది. మూడు చుట్లు చుట్టి మెలిపెట్టింది సర్వరే.

ఫోర్‌మన్ వెంకటప్పయ్య వచ్చి అతని వెనక నిలబడ్డాడు. వ్యాగన్ల రేకు ఏడు గంటలకల్లా కదలాలని, కిందికి దూరి రాడ్డు తగిలించమని చెప్పాడు. చెప్తూ చొక్కా జేబులోంచి ఒక స్ప్లిట్ పిన్ను తీసి ఇచ్చాడు. కొత్తది. గ్రీజు కాగితం ఇంకా అంటుకునే ఉంది. నెల కింద వచ్చిన డీజిల్ ఇంజనుతోపాటు స్పేర్ల పెట్టె ఒకటి వచ్చింది. ఆ పెట్టెలోది.

సర్వర్ పట్టాల మధ్య వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. రాడ్డును భుజంతో లేపి, పిన్ను దూర్చి, స్ప్లిట్ పిన్ను పెట్టి, రెండు కాళ్లూ సుత్తితో విప్పాడు. తెగిన తీగ కోసం చేత్తో బొగ్గుపొడిలో వెతికాడు. దొరకలేదు. మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది. బయటికి వచ్చేసరికి లాల్‌సింగ్‌ను జీపులోకి ఎక్కిస్తున్నారు. కాళ్లు బయటికే ఉన్నాయి.

ఆ ఇంజన్ల షెడ్డులో ఒక పద్ధతి ఉంది. లేని సామాను గురించి నోటితో అడగాలి, కాగితం మీద పెట్టకూడదు. కాగితం పెడితే స్టోర్సు జవాబు చెప్పాలి, స్టోర్సు జవాబు చెప్తే ఫోర్‌మన్ జవాబు చెప్పాలి. సర్వర్ స్ప్లిట్ పిన్నుల కోసం వెంకటప్పయ్యను మూడుసార్లు నోటితో అడిగాడు. ఈలోపు బండి నడవాలి కాబట్టి తీగ చుట్టాడు. మరమ్మతు రిజిస్టరులో తీగ అని రాయరు. "బ్రేకు రాడ్డు పిన్ను చూశాం, ఓకే" అని రాస్తారు. అతనూ అదే రాసి సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం రెండున్నరకు ఇంటికి వచ్చాడు. కంపెనీ క్వార్టరులో ముందు గది అతనిది, వెనక గదిలో భార్య సఫూరా కుట్టుమిషను. ముందు గదిలో బల్ల మీద ఇంకో ఏడో నంబరు ఉంది. అడుగుకు అంగుళం లెక్కన చేసింది. పొడవు ఇరవై ఆరు అంగుళాలు. వెనక రెండు బొగ్గు వ్యాగన్లు, కింద చిన్న పట్టాలు.

దాన్ని చేయమన్నది జనరల్ మేనేజరు. స్టీమింజన్లను స్క్రాపుకు వేసేముందు ఒకదాని నమూనా గెస్ట్‌హౌసులో అద్దాల పెట్టెలో ఉంచాలని నవంబరులో ఉత్తర్వు ఇచ్చాడు. ఇంజను ఇప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉండాలి అని అందులో రాశాడు. సర్వర్‌కు ఆ మాట చెప్పనక్కర లేదు. డ్రాయింగు చూసి పని చేసే అలవాటు అతనికి లేదు. డ్రాయింగులో ఇంజను పుట్టిన రోజున ఎట్లా ఉందో ఉంటుంది. తర్వాత నలభై ఏళ్లు దానికి జరిగినవి ఉండవు. అందుకని షిఫ్టు దిగాక టేపూ కాలిపరూ పట్టుకుని ఇంజను మీదా కిందా పాకి కొలిచాడు. నీళ్ల ట్యాంకుకు రివిట్లు ఒక పక్క నూట పన్నెండు, ఇంకో పక్క నూట తొమ్మిది. మూడు ఊడిపోయాయి. నమూనాలోనూ ఊడినచోట రంధ్రాలు ఉంచాడు. మొద్దు మేకుతో ఇత్తడి రేకును వెనకనుంచి ఒక్కొక్క పోటు పొడిచి రివిట్ల తలలు తీశాడు. ఎడమ మెట్టు వంగి ఉంటే వంచే పెట్టాడు. వ్యాగన్ల పలకల్లో ఒకటి వేరే కలపది అయితే అదీ వేరే కలపతోనే చేశాడు.

ఆ రోజు అన్నం తినకుండా నమూనాను రెండు చేతుల్తో ఎత్తి, తలకిందులుగా తిప్పి, దిండు మీద పెట్టాడు. బ్రేకు రాడ్డు పిన్నుకు ఫ్యాను మోటారులోంచి తీసిన తీగ మూడు చుట్లు చుట్టి ఉంది. మెలిపెట్టిన కొస ఎడమ చక్రం వైపు ఉంది. జనవరి మొదటి వారంలో పెట్టాడు. అసలు బండికి ఉన్నది చూసి పెట్టాడు.

సఫూరా వచ్చి పళ్లెం కింద పెట్టి, లాల్‌సింగ్‌కు ఎంతమంది పిల్లలని అడిగింది. ఇద్దరని చెప్పాడు. అతను తినలేదు.

గురువారం లాల్‌సింగ్ భార్య బాలి షెడ్డు ఆఫీసుకు వచ్చింది. వెంట మరిది వచ్చాడు. పాల్వంచ అవతల తండా నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. ఆమెను లోపలికి పిలిచి వెంకటప్పయ్య కంపెనీ నియమం చెప్పాడు. పనిలో చనిపోయినవాడి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. తన అజాగ్రత్త వల్ల చనిపోతే ఇవ్వరు. ఇంజను ఆగకముందే లాల్‌సింగ్ మధ్యలోకి వెళ్లాడని రిపోర్టులో ఉంది. డ్రైవరు సంతకం కూడా ఉంది. సోమవారం హెడ్డాఫీసు నుంచి విచారణకు అధికారి వస్తాడు. ఈలోపు ఆమె ఆ రిపోర్టుకు ఒప్పుకుంటున్నట్టు ఒక కాగితం మీద వేలిముద్ర వేస్తే దహనం ఖర్చులు ఇప్పిస్తాడు.

బాలి వేలిముద్ర వేయలేదు. ప్యాడు మీదినుంచి చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో పెట్టుకుంది.

బయటికి వచ్చి, నీళ్ల గొట్టం దగ్గర చేతులు కడుక్కుంటున్న సర్వర్ ముందు నిలబడింది.

"సర్వరన్నా, ఆయన పదకొండేండ్లు బండ్ల నడుమ దూరిండు. బండి ఆగనిది ఎన్నడన్న దూరిండా?"

"లేదమ్మా."

"ఆ పొద్దు నువ్వు బండి కింద పండినవంట. ఏం చూసినవ్?"

సర్వర్ చేతులు కడుగుతూనే ఉన్నాడు. సబ్బు అయిపోయింది. మరిది ఆమె భుజం తట్టి, బస్సు పోతదని చెప్పాడు. ఆమె ఇంకొంచెం సేపు నిలబడి వెళ్లింది.

మంగీలాల్‌ను ఆ సాయంత్రం క్యాంటీనులో సర్వర్ అడిగితే, రిపోర్టు ఇంగ్లీషులో ఉందని, ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టానని చెప్పాడు. బండి ఆగిందని చెప్తే, ఆగిన బండి ఎట్లా కదిలిందని తననే అడుగుతారు. బ్రేకు వేయలేదంటారు. తనకు ముగ్గురు ఆడపిల్లలు, ఒక్కడే సంపాదన.

"నువ్వేమన్న చూస్తే నువ్వు చెప్పు భాయ్," అన్నాడు. "నా బ్రేకు పడ్డది. నీ పని నీకెరుక."

శనివారం గ్యాస్ కట్టర్లు వచ్చాయి. ఏడో నంబరును స్క్రాపుకు వేసే ఉత్తర్వు అంతకు ముందే ఉంది. తేదీ మాత్రం మార్చి నెలాఖరు అని ఉండేది. వెంకటప్పయ్య దాన్ని ముందుకు జరిపాడు. ఎప్పుడైనా చిమ్నీతో మొదలుపెట్టి కిందికి కోస్తారు. ఆ రోజు కింది సామాను ముందు కోయమన్నాడు. బ్రేకు రాడ్లు, దిమ్మలు, హ్యాంగర్లు పదింటికల్లా లారీలో పడ్డాయి. కట్టరు మనిషి ఒకడు, ఈ ఫోర్‌మన్‌కు గొర్రెను కాళ్లనుంచి కోసే అలవాటుందేమో అని అన్నాడు. ఇద్దరు నవ్వారు. సర్వర్ తన షిఫ్టు అయ్యేదాకా అక్కడే ఉండి, రెండు గంటలకు ఇంటికి వెళ్లాడు.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి వెంకటప్పయ్య క్వార్టరుకు వచ్చాడు. అతను వేంసూరులో పొలాలున్న ఇంటివాడు. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చారు. షెడ్డులో చేరినప్పుడు అతనూ ఫిట్టరే. నమూనా చూసి పోదామని వచ్చానన్నాడు. సఫూరా టీ ఇచ్చింది. అతను గ్లాసు కింద పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, బల్ల ముందు కూర్చున్నాడు.

చాలాసేపు చూశాడు. ఊడిన రివిట్లు వేలితో లెక్కపెట్టాడు. వంగిన మెట్టు చూసి, అది 1971లో తన చేతిలోనే వంగిందని చెప్పాడు. రెగ్యులేటరు పిడి కదిలిస్తే కదిలింది. చక్రం తిప్పితే కనెక్టింగు రాడ్డు తిరిగింది. తర్వాత నమూనాను ఎత్తి తలకిందులుగా తిప్పాడు. వేలు బ్రేకు రాడ్డు వెంబడి వెళ్లి పిన్ను దగ్గర ఆగింది.

"ఇదేంటి సర్వర్?"

"ఉన్నదే సార్."

"ఉండేది. ఇప్పుడు ఏడో నంబరు లేదు. లారీలో ముక్కలున్నయ్, అందులో ఈ ముక్క ఏదో ఎవడూ చెప్పలేడు." నమూనాను బల్ల మీద పెట్టాడు. "ఇరవయ్యో తారీకు దీన్ని జీఎం గారు చూస్తారు. ఆయన మెకానికల్ ఇంజనీరు. కిందికి తిప్పి చూడకుండా ఉంటాడా?"

సర్వర్ నమూనాను తన వైపు జరుపుకున్నాడు.

"రిజిస్టర్లో ఓకే అని రాసి సంతకం పెట్టింది నువ్వు. నేను కాదు. నేను నీ మీద రాయలేదు, చచ్చినవాడి మీద రాశాను. వాడికి పోయేదేం లేదు." వెంకటప్పయ్య లేచాడు. "ఏప్రిల్లో డీజిల్ ట్రైనింగుకు ఇద్దర్ని పంపాలి. ఒక పేరు నీది రాశాను. దీనికో స్ప్లిట్ పిన్ను చేసి పెట్టు. నీకు గంట పని."

అతను వెళ్లాక సఫూరా గ్లాసు తీసింది. టీ అట్లాగే ఉంది.

సర్వర్ కూర్చున్నాడు. ఇత్తడి తీగను సుత్తితో కొట్టి ఒక పక్క చదును చేశాడు. మధ్యకు వంచి, కన్ను తీసి, రెండు కాళ్లూ కలిపాడు. ఆకురాయితో మూడు రుద్దులు. పావు అంగుళం స్ప్లిట్ పిన్ను తయారైంది. కత్తెర కొసతో నమూనాకున్న తీగను కత్తిరించి లాగాడు. మూడు ముక్కలై వచ్చింది. ఊదితే పోయాయి. స్ప్లిట్ పిన్ను రంధ్రంలో దూర్చి కాళ్లు విప్పాడు. గంట కూడా పట్టలేదు.

నమూనాను పట్టాల మీద నిలబెట్టి వంగి చూశాడు. అది ఏడో నంబరు కాదు. ఏడో నంబరుకు ఈ రెండు నెలల్లో ఆ పిన్ను ఉన్నది ఒక్కసారే. మంగళవారం ఆరుంబావు నుంచి శనివారం కట్టరు పెట్టేదాకా. అది పెట్టింది కూడా తనే.

వెనక గదిలోకి వెళ్లాడు. సఫూరా బ్లౌజుకు హుక్కులు వేస్తోంది. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. అతను మంచం అంచున కూర్చుని డిసెంబరు తొమ్మిది నుంచి చెప్పుకొచ్చాడు. తీగ గురించి ఆమెకు అంతకుముందు తెలియదు. చెప్పడం అయ్యేదాకా ఆమె సూది ఆపలేదు.

"చెప్తే కొలువు పోతది," అంది.

"పోతది."

"క్వార్టర్ గుడ."

"అది గుడ."

"మీరు చెప్తే వాడు లేచొస్తడా?"

"రాడు. బాలికి కొలువొస్తది."

సఫూరా దారం కొరికి, బ్లౌజు మడిచి, తీసిపెట్టింది. అత్తగారిల్లు వైరాలో ఉందని, అక్కడ ఇప్పటికే రెండు గదుల్లో తొమ్మిదిమంది ఉన్నారని చెప్పింది. మిషను పెట్టుకునే చోటు కూడా ఉండదని చెప్పింది. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్లింది.

సర్వర్ ముందు గదిలోకి వచ్చి స్ప్లిట్ పిన్ను కాళ్లు దగ్గరికి నొక్కి బయటికి లాగాడు. ఫ్యాను మోటారు తీగ ఇంకొంత ఉంది. దాన్ని రంధ్రంలోకి ఎక్కించబోయాడు. తీగ వెంట్రుక అంత. కళ్లల్లో నీళ్లు కారుతున్నాయి. భూతద్దం మార్చాడు. కిటికీ దగ్గరికి జరిగాడు. చేతులు కుదరలేదు. జనవరిలో కుదిరిన చేతులే. నాలుగుసార్లు తీగ జారి నేల మీద పడింది. ప్రతిసారీ చీపురు పుల్లతో వెతికి తీశాడు.

అయిదోసారి పడినప్పుడు సఫూరా వచ్చి తీసింది. బల్ల ముందు కూర్చుని, నమూనాను తన వైపు తిప్పుకుని, తీగను మొదటిసారికే రంధ్రంలో దూర్చింది.

"ఎన్ని చుట్లు?"

"మూడు."

ఆమె మూడు చుట్లు చుట్టింది.

"కొస?"

"ఎడమ చక్రం దిక్కు."

సఫూరా కొసను గోటితో ఎడమకు వంచి, లేచి, పొయ్యి మీది అన్నం చూడటానికి వెళ్లింది.

ఫిబ్రవరి 17 సోమవారం పదకొండు గంటలకు సైడింగు ఆఫీసులో విచారణ మొదలైంది. అధికారి పేరు వెంకటనారాయణ. సాక్షుల జాబితాలో అయిదుగురు ఉన్నారు. సర్వర్ పేరు లేదు. పన్నెండుంబావుకు అతను పంచె గుడ్డలో చుట్టిన నమూనాను చంకకింద పెట్టుకుని లోపలికి వచ్చాడు. వ్యాగన్లు తేలేదు. ఇంజను ఒక్కటే తెచ్చాడు. వెంకటప్పయ్య కుర్చీలోంచి లేచి బయటికి పొమ్మన్నాడు.

"ఎవరు పిలిచారు?" అని అధికారి అడిగాడు.

"నన్నెవలు పిలవలే సార్. ఏడో నంబరు తెచ్చిన."

అధికారి వెంకటప్పయ్య వైపు చూసి, నమూనాను బల్ల మీద పెట్టమన్నాడు. ప్రమాదం చేసిన ఇంజనును చూడాలని అతను ఉదయమే అడిగాడు. స్క్రాపుకు పోయిందని చెప్పారు. సర్వర్ గుడ్డ విప్పాడు. నమూనాను తలకిందులుగా తిప్పి పట్టుకుని, పిన్ను దగ్గర వేలు పెట్టాడు. అధికారి సొరుగులోంచి భూతద్దం తీశాడు.

"ఈ తీగ?"

"గిట్లనే ఉండె సార్. స్ప్లిట్ పిన్ను లేకుంటే నేనే చుట్టిన, డిసెంబర్ల. అది తెగితే పిన్ను జారింది. పిన్ను జారితే బ్రేకు ఇడిసింది."

"నమూనాకు ఇది ఎప్పుడు పెట్టావు?"

"జనవరి మొదటి వారం."

అధికారి రాసుకున్నాడు.

"నిన్న తీసిన సార్," అన్నాడు సర్వర్. "నిన్ననే మళ్ల పెట్టినం."

కలం ఆగింది. పెట్టినం అంటే ఎవరెవరని అడిగాడు.

"నా కండ్లు ఆనలే. మా ఇంటామె చుట్టింది."

వెంకటప్పయ్య నవ్వాడు. ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చుట్టిన తీగ సాక్ష్యమైతే రేపు పిల్లలు చేసిన కాగితం పడవలు కూడా తెస్తారని అన్నాడు. అధికారి నవ్వలేదు. రాసిన వాక్యం మీద గీత కొట్టాడు.

"నిన్న పెట్టినదాన్ని నేనెట్లా సాక్ష్యంగా తీసుకోను? నువ్వే చెప్పు."

"తీసుకోకున్రి సార్. అసలు బండికి చుట్టింది నేనని రాసుకోన్రి."

అధికారి మరమ్మతు రిజిస్టరు తెప్పించి డిసెంబరు తొమ్మిది తీశాడు. సంతకం సర్వర్‌దే. స్ప్లిట్ పిన్నుల కోసం స్టోర్సుకు పెట్టిన కాగితం ఏదని అడిగాడు. లేదు. నోటితో మూడుసార్లు అడిగానని సర్వర్ చెప్పాడు. తనను ఎవరూ అడగలేదని వెంకటప్పయ్య చెప్పాడు. ప్రమాదం తర్వాత కొత్త పిన్ను ఫోర్‌మన్ జేబులోంచి ఇచ్చాడని సర్వర్ చెప్పాడు. ఇవ్వలేదని వెంకటప్పయ్య చెప్పాడు. అధికారి రెండు మాటలూ రాసుకున్నాడు. తీగ చుట్టిన సంగతి మాత్రం ఒక్కరి మాట. దాన్ని కాదనేవాళ్లు లేరు.

వాంగ్మూలం తెలుగులో చదివి వినిపించాడు. సర్వర్ సంతకం పెట్టాడు.

తర్వాత మంగీలాల్‌ను రెండోసారి లోపలికి పిలిచారు. అతను బయట బెంచీ మీద కూర్చుని తలుపులోంచి అంతా విన్నాడు. ఇంజను ఆగిందా లేదా అని అధికారి అడిగాడు. ఆగిందని మంగీలాల్ చెప్పాడు. బ్రేకు వేసి, రెండు కూతలు వేశాక, లాల్‌సింగ్ చెయ్యి ఊపి మధ్యలోకి వెళ్లాడు. నిమిషం తర్వాత బండి ఆరడుగులు జారింది. మొదటి రిపోర్టులో వేరేగా ఎందుకుందని అడిగితే, అది చదవడం తనకు రాదన్నాడు.

ఒంటిగంటా ఇరవైకి విచారణ ముగిసింది. సర్వర్ నమూనాను గుడ్డలో చుట్టుకుని తీసుకుపోబోతే, అది కంపెనీ ఉత్తర్వు మీద చేసిందని గుమాస్తా ఆపాడు. సర్వర్ బల్ల మీద పెట్టి, గుడ్డ మాత్రం తీసుకుని వెళ్లాడు.

రిపోర్టు మార్చి 3న వచ్చింది. లాల్‌సింగ్ అజాగ్రత్త రుజువు కాలేదని, ప్రమాదానికి కారణం ఫిట్టరు సర్వర్ నిర్లక్ష్యమని, అతను దాన్ని ఒప్పుకున్నాడని అందులో ఉంది. స్ప్లిట్ పిన్నులు అడిగినట్టు రికార్డు లేదని ఉంది. ఇంజనును ముందుగా కోయించిన విషయం లేదు. వెంకటప్పయ్య మీద చర్య ఏదీ సూచించలేదు. మార్చి 10న సర్వర్‌ను పనిలోంచి తీసేశారు. మార్చి 31 సాయంత్రం నాలుగింటికి అతను క్వార్టరు తాళంచెవి ఎస్టేట్ గుమాస్తాకు ఇచ్చి రసీదు తీసుకున్నాడు. కుట్టుమిషనును వైరా బస్సు టాపు మీద కట్టారు.

ఏప్రిల్ 1, మంగళవారం ఉదయం ఆరు గంటలకు బాలి పనిలో చేరింది. ఆఫీసు ఆవరణ ఊడవడం పని. మొదటి ఆరు నెలలు టెంపరరీ.